చార్టులో ఎడమ చివరి అక్షరం: ఒక మాజీ సైనికుడి కేస్ స్టడీ

నేను తిరుపతిలోని ఒక ఆసుపత్రి కంటి విభాగంలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. వారంలో రెండు రోజులు మా గదికి వచ్చేవారిలో ఎక్కువమంది మాజీ సైనికులు, వారి భార్యలు. 2003 ఏప్రిల్‌లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కింద, పాలీక్లినిక్ వైద్యాధికారి రాసిచ్చిన రిఫరల్ కాగితం పట్టుకుని పలమనేరు, పుంగనూరు, పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి వైపుల నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వస్తారు. వారిని మొదట చూసేది నేనే. చూపు కొలవడం, పవర్ చూడడం, కంటి ఒత్తిడి తీయడం, చుక్కలు వేయడం నా పని. ఆ తరువాత కంటి డాక్టరుగారు చూస్తారు. ఫైలులో మొదటి మాట రాసేది నేను కాబట్టి, ఆ మాట తప్పుదారి పట్టిస్తే తరువాతివారు కూడా ఆ దారినే నడిచే అవకాశం ఉంది. ఈ కేసులో కొన్ని వారాల పాటు అదే జరిగింది. ఆ తప్పులో నా భాగం ఎంతో చెప్పకుండా ఈ కేసు చెప్పడం కుదరదు.

ఆయన పేరు, ఊరు, దళం, హోదా ఇక్కడ రాయడం లేదు. వయసును, కొన్ని వ్యవధులను కొద్దిగా మార్చాను. ఆయన, ఆయన భార్య అనుమతి ఇచ్చిన తరువాతే రాస్తున్నాను.

నేపథ్యం

ఆయనకు డెబ్బై దాటాయి. పదాతి దళంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఊళ్లో కొద్దిపాటి మామిడి తోట, రెండు ఆవులు ఉన్నాయి. పదేళ్లుగా రక్తపోటు ఉంది. మాత్రలు ఉన్నన్నాళ్లు వేసుకోవడం, అయిపోతే మళ్లీ పాలీక్లినిక్‌కు వెళ్లేదాకా మానేయడం అలవాటు. షుగర్ లేదు. రోజూ పొద్దున పాలకేంద్రంలో పాలు పోసి, పేపరు చదివి, మోపెడ్ మీద తోటకు వెళ్లి రావడం ఆయన దినచర్య. ఈ మూడు పనుల్లో ఆయనకు కష్టం ఎక్కడ మొదలైందో అడిగి ఉంటే మొదటి రోజే అసలు సంగతి బయటపడేది. నేను అడగలేదు.

మా దగ్గరకు రావడానికి ఐదు నెలల ముందు ఒక ఉదయం తలనొప్పితో లేచారు. ఎడమ కన్ను మసకగా ఉన్నట్టు అనిపించింది. తలనొప్పి రెండు రోజుల్లో తగ్గింది, మసక తగ్గలేదు. కళ్లద్దాల దుకాణంలో చూపిస్తే పవర్ మారిందని కొత్త అద్దాలు ఇచ్చారు. అవి పనిచేయకపోతే ఒక ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ఎడమ కంట్లో శుక్లం ఉందని చెప్పి ఆపరేషన్ చేశారు. శుక్లం ఉన్న మాట నిజమే, ఆపరేషన్ కూడా చక్కగా చేశారు. లోపల పెట్టిన లెన్సు ఉండవలసిన చోటే ఉంది. అయినా ఆయన ఫిర్యాదు అలాగే ఉంది. తరువాత మరో దుకాణంలో, దూరం చూపు, దగ్గరి చూపు ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించుకున్నారు. చివరకు, "కుడి కంటి శుక్లం, ఆపరేషన్ నిమిత్తం" అని రాసి ఉన్న రిఫరల్‌తో మా గదికి వచ్చారు.

మొదటి రోజు నేను చేసినది

"ఎడమ కన్ను ఆపరేషనయినా బాగు కాలేదమ్మా. ఆ పక్కంతా ఏదో అడ్డం పెట్టినట్టే ఉండాది. పేపరు చదవతా ఉంటే లైను తప్పిపోతా ఉండాది" అన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని ఉంటే బాగుండేది. నేను ఫైలులో "చూపు మసక, రెండు కళ్లు, ఎడమ ఎక్కువ" అని రాశాను. "ఆ పక్కంతా" అన్న మాట మా భాషలోకి మారేటప్పుడు జారిపోయింది.

చూపు కొలిస్తే కుడి కన్ను 6/9, ఎడమ కన్ను 6/6 వచ్చింది; 6/6 అంటే మామూలుగా ఉండవలసిన చూపు. రెండింటి పక్కనా "పాక్షికం" అని గుర్తు పెట్టాను. వరుసలో ఒకటి రెండు అక్షరాలు తప్పితే మేము అలా రాస్తాం. కుడి కంట్లో ఓ మోస్తరు శుక్లం ఉంది. కంటి ఒత్తిడి రెండు వైపులా మామూలుగా ఉంది. చుక్కలు వేసి చూసిన డాక్టరుగారికి నరమూ రెటీనా ఆరోగ్యంగా కనిపించాయి. పవర్ పావు డయాప్టర్ మేర మారింది. ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి చూపు భాగం ఫ్రేములో కాస్త కిందికి ఉంది. నాకు అక్కడ ఒక జవాబు దొరికినట్టయింది. ప్రోగ్రెసివ్ అద్దం కొత్తగా పెట్టుకున్నవారికి పక్క చూపు అలుక్కుపోయినట్టు ఉండడం, లైను తప్పడం మామూలే. రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. అదే ఆయనకు చెప్పి, ఫ్రేము సరిచేసి, కుడి కంటి ఆపరేషన్‌కు తొందర లేదన్న డాక్టరుగారి మాటతో పంపించాను.

ఆ రోజు నా ఆలోచన ఎలా సాగిందో తరువాత చాలాసార్లు నెమరువేసుకున్నాను. దుకాణంలో అద్దాలు అమ్మేవారికి పవర్ కనిపించింది, ఆపరేషన్ చేసేవారికి శుక్లం కనిపించింది, నాకు ఫ్రేము కనిపించింది. ఎవరమూ అబద్ధం చెప్పలేదు. ఎవరి చేతిలో ఉన్న పనిముట్టుకు తగిన లోపం వారికి ఆయనలో నిజంగానే ఉంది. డెబ్బై దాటిన కంటిలో వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు. దొరికినది ఈ ఫిర్యాదుకు సరిపోతుందా అన్న ప్రశ్న ఎవరమూ వేసుకోలేదు. ఎడమ కంటితో 6/6 వరుస దాదాపు చదవగలిగిన మనిషి "ఏదో అడ్డం ఉంది" అంటే, ఆ అడ్డం అద్దంలో ఉండే అవకాశం తక్కువ. ఆ పొంతన లేకపోవడమే నన్ను ఆపి ఉండవలసింది.

రెండోసారి వచ్చినప్పుడు

నాలుగు వారాల తరువాత భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. ఈసారి అసిస్టెంటుకు అప్పగించకుండా నేనే చార్టు పక్కన నిలబడి చదివించాను. మా దగ్గర తెలుగు అక్షరాల చార్టు, అంకెల చార్టు రెండూ ఉన్నాయి. నగరి వైపు నుంచి వచ్చేవారు కొందరికి తమిళం, సైన్యంలో చదువు నేర్చుకున్న కొందరికి హిందీ సులువు కాబట్టి అంకెలు ఎక్కువగా వాడతాం. ఎడమ కన్ను మూసి చదివించాను. వరుసకు ఐదు అంకెలు ఉంటే నాలుగే చదివారు. కింది వరుసలోనూ నాలుగే. విడిచిపెట్టినది రెండుసార్లూ ఎడమ చివరిదే. కుడి కన్ను మూసి మళ్లీ చదివించాను. మళ్లీ ఎడమ చివరిదే పోయింది. ఆ అంకె దగ్గర వేలు పెట్టి, "ఇది ఏమిటి సార్?" అంటే వెంటనే చెప్పారు. చిన్నదిగా ఉందని కాదు, అక్కడ ఒకటి ఉందనే ఆయనకు తెలియలేదు.

పవర్ లోపం వల్ల తప్పే అక్షరాలకు ఒక వరస ఉండదు. ఒకదాన్ని పోలిన మరొకదాన్ని చెబుతారు, తడబడతారు, కళ్లు చిట్లిస్తారు. ఒకే పక్కన ఉన్న అక్షరం, రెండు కళ్లతోనూ, తడబాటు లేకుండా మాయమైతే అది దృష్టి క్షేత్రంలో, అంటే కన్ను కదపకుండా ఒకేసారి కనిపించే మేరలో, లోపం. మొదటి రోజు నేను రాసిన "పాక్షికం" అన్న ఒక్క మాట ఈ తేడానంతటినీ మింగేసింది.

అప్పుడు భార్య చెప్పడం మొదలుపెట్టారు. "తలుపు తగులుకునేది ఎప్పుడూ ఎడం భుజానికే మేడమ్. తట్టలో ఎడం పక్క ఊరిబిండి ఏస్తే, ఏయలేదని అడగతాడు. మొన్న పాలకేంద్రం కాడ సైకిలు నిలబెట్టి ఉంటే దాని మీదికే పోయినాడు." ఈ మాటలు ఆమె ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. కంటి ఆసుపత్రిలో తలుపుల గురించి, తట్ట గురించి చెప్పాలని ఆమెకు ఎందుకు తోస్తుంది? అడగవలసింది మేము.

ఎదురుగా కూర్చుని, ఒక్కో కన్ను మూయించి, నా ముక్కు వైపే చూడమని చెప్పి నాలుగు మూలలా వేళ్లు చూపించాను. ఎడమ కంటితో ఎడమ వైపు, అంటే చెవి పక్కది, కనిపించలేదు. కుడి కంటితోనూ ఎడమ వైపే, అంటే ముక్కు పక్కది, కనిపించలేదు. వేళ్లను ఎడమ నుంచి మధ్యకు జరుపుతూ వస్తే రెండు కళ్లలోనూ సరిగ్గా నడిమి గీత దాటాకే కనిపించాయి. దీనికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

ఇక్కడి నుంచి తర్కం సూటిగా సాగింది. ఒక కంటిలోని జబ్బు రెండో కంటి క్షేత్రాన్ని తీయదు. రెండు కళ్ల నరాలు కలిసే చోట నొక్కుడు ఉంటే సాధారణంగా రెండు చెవుల పక్కలూ పోతాయి. రెండు కళ్లలో ఒకే పక్క సగం, నిలువు గీత మీద కోసినట్టు పోతే, లోపం ఆ కూడలికి వెనుక ఉండాలి. ఎడమ సగం పోయింది కాబట్టి మెదడు కుడి వైపున ఉండాలి. కంటిపాపల ప్రతిస్పందన రెండు కళ్లలో సమానంగా ఉంది, నరాలు పాలిపోలేదు. అందువల్ల ఇంకా వెనుక, చూపును అందుకునే ఆక్సిపిటల్ భాగం దగ్గర అయి ఉండవచ్చని డాక్టరుగారికి చెప్పాను. ఆయన మళ్లీ పరీక్షించి ఒప్పుకున్నారు. రెండు కళ్లలో ఒకే పక్క సగం చూపు పోవడాన్ని హోమోనిమస్ హెమియానోపియా అంటారు. ఈ వయసులో దీనికి అత్యంత సాధారణ కారణం మెదడులో రక్తనాళం మూసుకుపోవడం.

ఇన్ని నెలలుగా ఆయన ఎడమ కన్నునే తప్పుపట్టడానికి కూడా కారణం ఉంది. ఒక కంటి క్షేత్రం చెవి వైపు సుమారు 90 డిగ్రీలు, ముక్కు వైపు సుమారు 60 డిగ్రీలు వ్యాపిస్తుంది. ఎడమ సగం పోయినప్పుడు ఎడమ కంటికి పెద్ద ముక్క పోతుంది, కుడి కంటికి చిన్నది. రోగికి పెద్ద నష్టం ఉన్న చోటే జబ్బు ఉన్నట్టు తోస్తుంది. "ఎడమ కన్ను" అని ఎవరైనా అంటే ఒక్కో కన్ను మూసుకుని చూశారా అని అడగడం నాకు ఇప్పుడు అలవాటయింది.

ఆ రోజే పంపాలా, తరువాతనా

ఇది ఈ కేసులో నేను ఎక్కువగా ఆలోచించిన నిర్ణయం. మెదడు రక్తనాళంలో గడ్డను మందుతో కరిగించే అవకాశం లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల వరకే సాధారణంగా ఉంటుంది. ఇక్కడ దాదాపు ఆరు నెలలు గడిచాయి. పోయిన క్షేత్రం తనంతట తాను తిరిగి వచ్చేది ఉంటే చాలావరకు మొదటి మూడు నెలల్లో వస్తుంది, ఆరు నెలల తరువాత చాలా అరుదు. ఆ లెక్కన చూస్తే మరో వారం ఆలస్యమైతే పోయేదేమీ లేదనిపించవచ్చు. అయితే కారణం ఏమిటో ఇంకా ఎవరూ చూడలేదు. కారణం అలాగే ఉంటే రెండో దెబ్బ ఎప్పుడైనా తగలవచ్చు, అది చూపుతో ఆగకపోవచ్చు. చార్టు గదిలో రక్తపోటు తీస్తే పై అంకె 160 దాటింది. యంత్రం తెర మీద గుండె లయ సమంగా లేదని చూపే గుర్తు వెలిగింది. మణికట్టు పట్టుకుని చూస్తే నాడి తప్పి తప్పి కొడుతోంది. అది చూశాక ఇంక ఆలోచించలేదు.

ఒక చిక్కు ఉంది. ఆయన చేతిలో ఉన్న రిఫరల్ కంటి విభాగానికి మాత్రమే. అప్పట్లో జనరల్ మెడిసిన్‌కూ న్యూరాలజీకీ వేరే రిఫరల్ కావలసి ఉండేది. అందుకు ఊరికి తిరిగి వెళ్లి పాలీక్లినిక్‌లో చూపించవలసి ఉండేది. డాక్టరుగారు పాలీక్లినిక్ వైద్యాధికారికి ఫోన్ చేసి పరిస్థితి వివరించారు. నేను ఆయన దృష్టి క్షేత్రం (ఫీల్డ్) బొమ్మ గీసి, నాడి సంగతి మొదటి వాక్యంలోనే పెట్టి ఒక ఉత్తరం రాసి చేతికిచ్చాను. అదే సాయంత్రం ఈసీజీ తీశారు. గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందని తేలింది. ఎంఆర్ఐలో కుడి ఆక్సిపిటల్ భాగంలో పాత ఇన్‌ఫార్క్ట్, అంటే రక్తం అందక దెబ్బతిన్న చోటు, కనిపించింది. రక్తం గడ్డకట్టకుండా మందులు, రక్తపోటు మందులు ఆ వైద్యులు మొదలుపెట్టారు.

"పక్షవాతమంటే చెయ్యి కాలు పడిపోవాల గదా మేడమ్? ఈయనకు ఏమీ కాలేదే" అని ఆయన భార్య అడిగారు. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం గురించి అందరూ విన్నారు. హఠాత్తుగా ఒక వైపు చూపు పోవడం కూడా పక్షవాతమే కావచ్చని ఊళ్లలో చెప్పేవారు తక్కువ. ఆ మాట ఆమెకు నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాను.

క్షేత్రమా, ధ్యాసా

చూపు మిగిలి ఉన్నంతలో బతుకు ఎలా నడపాలన్నది ఆ తరువాతి ప్రశ్న. దానికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కుడి మెదడు దెబ్బతిన్నవారిలో కొందరికి ఎడమ వైపు కనిపించినా మెదడు దాన్ని పట్టించుకోదు. దాన్ని నెగ్లెక్ట్ అంటారు. తట్టలో ఎడమ పక్క వేసిన ఊరిబిండి గురించి భార్య చెప్పిన మాట ఆ అనుమానం కలిగించింది. ఈ రెండింటికీ శిక్షణ వేరు: తనకు ఎడమ కనిపించడం లేదని తెలిసిన మనిషికి అటు చూడమని నేర్పవచ్చు, ఎడమ అనేదే లేదనుకునే మనిషికి ముందు ఆ ఎరుక కలిగించాలి.

కాగితం మీద అడ్డంగా ఒక పొడుగు గీత గీసి సగానికి గుర్తు పెట్టమన్నాను. నెగ్లెక్ట్ ఉన్నవారి గుర్తు సాధారణంగా కుడికి జరుగుతుంది; కేవలం హెమియానోపియా ఉన్నవారిది తరచుగా గుడ్డి వైపుకే జరుగుతుంది. ఆయన గుర్తు ఐదుసార్లలో ఐదుసార్లూ కొద్దిగా ఎడమకే పడింది. చిన్న చుక్కల మధ్య నక్షత్రాలను కొట్టివేసే పరీక్షలో నిదానంగానైనా అన్నీ పట్టుకున్నారు. గడియారం బొమ్మలో పన్నెండు అంకెలూ వాటి చోట్ల ఉన్నాయి. నెగ్లెక్ట్ లేదని నమ్మకం కుదిరింది.

ఫీల్డ్ యంత్రం మీద, మధ్య నుంచి సుమారు 24 డిగ్రీల మేర కొలిచే 24-2 పరీక్ష మొదటిసారి పనికిరాలేదు. మధ్య దీపం మీద చూపు నిలపమంటే, వెలుగు ఎక్కడ వస్తుందా అని ఆయన కళ్లు వెతుకుతూనే ఉన్నాయి. ఎలా చేయాలో కాగితం మీద చూపించి, విశ్రాంతి ఇచ్చి రెండోసారి చేస్తే సరిగా వచ్చింది. నడిమి 10 డిగ్రీలను మరింత దగ్గరగా కొలిచే 10-2 పరీక్షలో మధ్య నుంచి ఎడమకు సుమారు 3 డిగ్రీలు మిగిలి ఉన్నట్టు కనిపించింది. రెండు కళ్లూ తెరిచి చేసే ఎస్టర్‌మన్ పరీక్షలో ఎడమ సగమంతా నల్లగా వచ్చింది.

పనిచేయనివి

ఆయన అద్దాలు కోరుకున్నారు. అది సహజం, కంటి ఆసుపత్రికి వచ్చిన మనిషి చేతికి అద్దాలు రావాలనే ఆశిస్తాడు. గుడ్డి వైపు దృశ్యాన్ని కొంత కనిపించే వైపుకు తెచ్చే ప్రిజం పట్టీలు ఉన్నాయి. 40 ప్రిజం డయాప్టర్ల ఫ్రెనెల్ పట్టీలను, అంటే సన్నటి గాడులున్న పలచని ప్లాస్టిక్ ప్రిజాలను, ఎడమ అద్దానికి, కంటిపాపకు పైన ఒకటి, కింద ఒకటి, ప్రిజం మందమైన అంచు (ఆధారం) ఎడమకు ఉండేలా అంటించాం. అంత ప్రిజం దృశ్యాన్ని సుమారు 22 డిగ్రీలు జరుపుతుంది. మా వరండాలో నడిస్తే ఎడమ నుంచి వచ్చేవారిని పసిగట్టారు. నేను సంతోషించాను. మూడు వారాల తరువాత చూస్తే పట్టీలు పీకేసి ఉన్నాయి. తోట దుమ్ము గాడుల్లో చేరింది, ఎండకు అంచులు లేచాయి, అన్నిటికంటే ముఖ్యంగా, సంతలో జనం మధ్య ఆ నీడ మనుషులు నిజంగా ఎక్కడ ఉన్నారో తెలియక ఆయన భయపడ్డారు. ప్రిజంలో కనిపించిన వస్తువును చేత్తో తాకించి, అది నిజంగా ఉన్న చోటును మెదడుకు నేర్పే సాధన ముందుగా కొన్ని పూటలు చేయించాలి. అది చేయించకుండా పట్టీలు ఇచ్చి పంపడం నా తొందరపాటు. ప్రిజం పనికిరానిదని ఈ కేసు చెప్పదు. ఆ వరసలో ఇవ్వకూడదని చెబుతుంది.

చదవడానికి, కాగితాన్ని పక్కకు తిప్పి, పై నుంచి కిందికి చదివే పద్ధతి ఒకటి ఉంది. అలా తిప్పితే పంక్తి అంతా కనిపించే సగంలోకి వస్తుంది. ఇంగ్లిషు అక్షరాల్లో అది కొందరికి సాధ్యమవుతుంది. తెలుగులో గుడి పైన, ఒత్తు కింద, దీర్ఘం పక్కన ఉంటాయి. కాగితం పక్కకు తిరిగితే "క్ష్మి" అన్న అక్షరం అక్షరంలాగే ఉండదు. రెండు నిమిషాల్లో ఆయన కాగితం బల్ల మీద పెట్టేశారు. నేనూ ఇంట్లో ప్రయత్నించి చూశాను, ఒక పేరా దాటలేకపోయాను.

పెద్ద అక్షరాలూ మేలు చేయలేదు. ఆయన ప్రోగ్రెసివ్ అద్దంలో దగ్గరి చూపుకు +3.00 అదనంగా ఇచ్చి ఉన్నారు. అంటే పేజీని 33 సెంటీమీటర్ల దగ్గర పట్టుకోవాలి. అంత దగ్గరలో అక్షరం పెద్దగా కనిపిస్తుంది, కానీ మిగిలి ఉన్న 3 డిగ్రీలు ఆ దూరంలో పేజీ మీద సుమారు 1.7 సెంటీమీటర్లే. +2.25కు తగ్గించి 44 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అదే 3 డిగ్రీలు 2.3 సెంటీమీటర్లవుతుంది. మధ్య చూపు బాగా ఉన్న మనిషికి అక్షరం పెద్దది చేస్తే ఒక చూపులో అందే అక్షరాలు తగ్గుతాయి. మసక ఉన్నవారికి మేము అలవాటుగా చేసే సాయం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ప్రోగ్రెసివ్ మాన్పించి, చదవడానికి +2.25తో ఒక జత, నడవడానికి దూరం చూపు మాత్రమే ఉన్న మరో జత ఇచ్చాను. మెట్లు దిగేటప్పుడు కింది భాగం మసక లేకపోవడం కూడా ఆయనకు అవసరమే.

"నడిచేటప్పుడు ఎడమకు చూస్తూ ఉండండి" అని చెప్పడం కూడా పనిచేయలేదు. ఎప్పుడు, ఎంత దూరం, దేని కోసం చూడాలో చెప్పని సలహా అది. గుడ్డి వైపుకు చూసేటప్పుడు కన్ను చిన్న చిన్న అంగలు వేస్తుంది; కనిపించని చోటికి దూకడానికి మెదడు సంకోచిస్తుంది. రెండు అంగల తరువాత ఏమీ దొరక్కపోతే చూపు వెనక్కి వచ్చేస్తుంది.

పనిచేసినది

దారి ఆయన మాటల్లోనే దొరికింది. మా వరండా గోడ మీద ఇరవై రంగు కాగితాలు అంటించి, నడుస్తూ లెక్కపెట్టమంటే మొదటిసారి పదకొండే దొరికాయి. విసుగుతో కూర్చుని, "మోర్చాలో ఇట్ల జూస్తే మమ్మల్ని ఉంచేవాళ్లు కాదమ్మా" అన్నారు. మోర్చా అంటే సైనికులు కాపలా కాసే చోటు. అక్కడ ఎలా చూసేవారని అడిగాను. కాపలా ఉన్నప్పుడు ముందున్న నేలను దగ్గర, నడుమ, దూరం అని మూడు ముక్కలు చేసుకోవాలి; ఒక్కో ముక్కనూ కుడి నుంచి ఎడమకు చూసుకుంటూ పోవాలి. చదివే దిశలో చూస్తే కన్ను అలవాటుగా జారిపోతుందని, అందుకే ఎదురు దిశ నేర్పారని చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. మోర్చాలో కూర్చోగానే మొదట చేసే పని కుడి హద్దు, ఎడమ హద్దు గుర్తు పెట్టుకోవడం: ఒక చెట్టు, ఒక బండ. "ఎడం హద్దు కంటబడేదాకా చూసినట్టు లెక్క గాదు."

నేను వెతుకుతున్నది అదే. ఆయన చూపుకు లేనిది హద్దు. ఎంతవరకు చూస్తే ఎడమ అయిపోయినట్టో తెలియని మనిషికి ఒక గుర్తు ఇస్తే, అది కనిపించేదాకా కన్ను ఆగదు. పైగా కుడి నుంచి ఎడమకు చూడడమంటే ఆయన విషయంలో చూసే సగం నుంచి గుడ్డి సగంలోకి పోవడమే. ఇరవై ఏళ్లు ఒంట్లో ఇంకిన అలవాటు, నేను కొత్తగా నేర్పగలిగిన దేనికంటే గట్టిది.

అక్కడి నుంచి శిక్షణను ఆయన మాటల్లోనే అల్లుకున్నాం. నిలబడి ఉన్నప్పుడు, అంటే గుమ్మం దాటే ముందు, రోడ్డు దాటే ముందు, కాపలా పద్ధతి: ఎడమ హద్దు ఏదో ముందు ఎంచుకోవాలి, మూడు ముక్కలూ అక్కడిదాకా చూడాలి, తరువాతే అడుగు వేయాలి. నడుస్తున్నప్పుడు అంత నిదానం కుదరదు కాబట్టి ప్రతి నాలుగైదు అడుగులకు ఒకసారి తల కొద్దిగా తిప్పి, కన్నును ఒకే దూకుతో ఎడమ హద్దుకు అవతలికి పంపి, వెనక్కి తెచ్చుకోవాలి. ఇంట్లో ఎడమ హద్దులను భార్యాభర్తలు కలిసి నిర్ణయించారు: వాకిట్లో తులసి కోట, వీధిలో కరెంటు స్తంభం, పాలకేంద్రంలో క్యాన్ల వరస. తట్టకు కూడా ఒక హద్దు కావాలని భార్యే అడిగి, నీళ్ల చెంబును ఎడమ పక్కన పెట్టడం మొదలుపెట్టారు.

పేజీ మీద ఎడమ హద్దు ఒక ఎర్ర రిబ్బను. పేపరును ఒక కాలమ్ వెడల్పుకు మడిచి, ఎడమ అంచున రిబ్బను పెట్టి, పంక్తి చివరికి వచ్చాక ఎర్ర రంగు కనిపించేదాకా వెనక్కి రావాలి, వేలు కింది పంక్తి మీదికి జరపాలి. ఇంతకు ముందు ఆయన వెనక్కి వచ్చేటప్పుడు పంక్తి మధ్యలో ఆగి, అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టేవారు. అర్థం కుదరక, తప్పు అద్దాలదనుకునేవారు.

ఎడమ వైపు చూపు పోయిన మనిషి పక్కన ఎటు నడవాలని కొడుకు అడిగాడు. జనంలో ఎడమ పక్కనే నడవమన్నాను, అటు నుంచి వచ్చేదాన్ని ఆయన చూడలేరు కాబట్టి. సాధన చేసే పూట మాత్రం వెనుక నడవాలి, లేకపోతే చూసే పని కొడుకే చేసేస్తాడు.

మోపెడ్ విషయం అన్నిటికంటే కష్టమైంది. మన రోడ్ల మీద ఎడమ పక్కన ఉండేది పిల్లలు, పశువులు, ఆగిన బండ్లు. నడపకూడదని లోపం తేలిన రోజే చెప్పాం. ఆయన ఒప్పుకోలేదు, కొండ దారుల్లో నడిపినవాడినని అన్నారు. ఎస్టర్‌మన్ కాగితం ముందు పెట్టి, నల్ల చుక్కలు ఒక్కొక్కటే చూపించి, ఇక్కడ మనవడు నిలబడి ఉంటే మీకు కనిపించడని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు కూడా ఒప్పుకోలేదు. రెండు విజిట్ల తరువాత, మోపెడ్ కొడుకు పేరు మీదికి మారిందని భార్య చెప్పారు. ఎద్దుల బాట గుండా తోటకు నడిచి వెళ్తున్నారు.

ఆరు నెలల తరువాత

ఫీల్డ్ పరీక్ష మళ్లీ చేశాం. పోయిన సగం పోయినట్టే ఉంది, ఒక్క చుక్క కూడా మారలేదు. ఆ మాట ఆయనకు దాచకుండా చెప్పాను. వరండాలో ఇరవై కాగితాల్లో పద్దెనిమిది, ఇంకోసారి ఇరవై దొరికాయి. ఒకే నిడివి వార్తకు ముందు ఎనిమిది నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఐదు పడుతోంది. ఆ వార్తలో ఏముందో తిరిగి చెప్పగలుగుతున్నారు. ఎడమ భుజం మీద కమిలిన మచ్చలు లేవు. చీకటి పడ్డాక, జాతర జనంలో, ఇప్పటికీ ఒంటరిగా వెళ్లరు. అక్కడ మా సాధన చాలలేదు. సాధన పూర్తయింది కాబట్టి ప్రిజం పట్టీలను మళ్లీ ఒకసారి, ఈసారి తాకి నేర్చుకునే పద్ధతితో, ప్రయత్నిద్దామని అడిగాను, ఆలోచించి చెబుతానన్నారు.

మా గదిలో రెండు విషయాలు మారాయి. చూపు రాసే గడిలో "పాక్షికం" అని మాత్రమే రాయడం మానేశాం. ఏ అక్షరం తప్పిందో, వరుసలో ఏ వైపుదో రాస్తున్నాం. అద్దాలు పెట్టించకముందే, యాభై దాటిన ప్రతి ఒక్కరికీ ఒక్కో కన్ను మూయించి వేళ్లతో క్షేత్రం చూస్తున్నాం. రద్దీ రోజున ఆ ఒక్క నిమిషం కూడా బరువుగానే ఉంటుంది, అసిస్టెంట్లు ఆ మాట నాతో అంటారు కూడా. అప్పుడు ఈ ఫైలులోని మొదటి పేజీ, రెండో పేజీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

రిఫరల్ కాగితంలో రాసి ఉన్న కుడి కంటి శుక్లం ఇంకా అలాగే ఉంది. పోయినసారి వచ్చినప్పుడు దాని గురించి ఆయనే అడిగారు. ఎదురు వెలుతురులో కళ్లు చెదురుతున్నాయా, రిబ్బను రంగు మసకబారిందా అని అడిగితే లేదన్నారు. ఆపరేషన్ అవసరమైన నాడు రక్తం పలచన చేసే మందు సంగతి గుండె వైద్యుడితో మాట్లాడి నిర్ణయిస్తామని, ఆ మందును తనంతట తాను ఒక్క రోజు కూడా ఆపకూడదని డాక్టరుగారు చెప్పారు. మూడు నెలల తరువాతి తేదీ వేసి ఇచ్చాను.